బడిలో రెండు బల్లల రాజభోగం

మొన్న ముసురు పట్టగానే ఆశా కార్యకర్త గొడుగేసుకుని మా వీధికొచ్చి, నెలలు నిండిన పక్కింటి కోడలిని వాగు పొంగకముందే తాండూరు ఆస్పత్రిలో చేర్చమని చెప్పిపోయింది. ఆ పిల్ల నింపాదిగా బట్టలు సర్దుకుంటుంటే, ఈ వయసులో సిగ్గులేకుండా నాకు కడుపు మండింది.

మా రోజుల్లో కాగ్నా వాగు చెప్పి వచ్చిందా? దిగువనున్న మా ఇంట్లోకి జొరబడి, నా కందిపప్పు డబ్బాను నిమిషంలో కర్ణాటకకు దాటించింది. ఊరంతా మిట్టమీది బడిలో చేరి, ఊపిరి కూడా వంతులవారీగా పీల్చుకున్నాం. నాకు అప్పుడు ఎనిమిదో నెల. నాకంటే నెల ముందున్న పెద్ద తోడికోడలు అక్కడే కొడుకును కన్నది. ఇక చూడాలి ఆమె వైభోగం! రెండు బల్లలు కలిపి మంచం, చీర అడ్డంకట్టి మహలు, మాతోపాటే బడిలో చిక్కుకున్న సర్కారు నర్సమ్మ కాచిన వేడినీళ్ళు, పూటపూటకూ జొన్నజావ. నేనేమో చల్లటి బండలమీద. నన్ను దాటుకుంటూ పోనివాళ్ళు ఊళ్ళో లేరు.

మర్నాడు మధ్యాహ్నం ఇక ఓర్వలేక, నాకూ బల్లలు దక్కుతాయన్న ఆశతో, నొప్పులొస్తున్నాయని అనంతగిరి గుట్టలు అదిరేలా అరిచాను. నర్సమ్మ పరుగున వచ్చి కడుపు తడిమింది.

"నకరాలు చేస్తున్నవా? నొప్పులు లెవ్వు, ఏం లెవ్వు," అని లేవబోయి, నా కాళ్ళు చూసి ఆగింది. "గీ వాపేంది?"

"నీళ్ళల్ల నానినయ్, నర్సమ్మా."

"నీళ్ళల్ల నానితే మొకం గూడ ఉబ్బుతదా?"

చేతికి పట్టీ చుట్టి రెండుసార్లు బీపీ చూసింది. బీపీ బాగా ఎక్కిందని, వెంటనే ఆస్పత్రికి చేర్చకపోతే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా దక్కరని మావారితో గుసగుసగా చెప్పడం నా చెవిన పడింది. ట్రాక్టరు వచ్చేదాకా నన్ను కదలకుండా పడుకోబెట్టమన్నదో లేదో, నిన్న పురుడుపోసుకున్న తోడికోడలు పసివాణ్ణి పట్టుకుని తనంతట తానే బల్లలు దిగింది.

"రా చెల్లె, పండుకో. గీ బల్లల కోసమే అరిచినవని నాకెరుకనే."

ఆస్పత్రిలో నా బిడ్డ కందిగింజంత పుట్టి, కొండంత ఏడ్చి, బతికింది. నా దొంగనొప్పులే మా ఇద్దరినీ కాపాడినా, ఊళ్ళో పేరు మాత్రం బల్లలు దిగినామెకే వచ్చింది, అందుకూ కుళ్ళుకున్నాను.

ఇప్పటి కోడళ్ళకు వానకు ముందే ఆస్పత్రిలో పేరు రాస్తారు, బండి గుమ్మంలోకొస్తుంది, ఎవరి మంచం వాళ్ళకుంటుంది. మంచిదే, కాదనను. కానీ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర పడుకుని ఓర్వలేకపోవడానికి ఒక మనిషి, ఆ ఓర్వలేనితనం తెలిసీ చోటిచ్చే మనిషి వాళ్ళకెక్కడ దొరుకుతుంది?