ముళ్ళచెట్టుకు మూడు సీసాలు

మా బావగారు నీళ్ళ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేశారు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా వీధి కుళాయిలో గాలి తప్ప మరేమీ రాలేదు. అడిగితే, "పైనుంచే రావట్లేదు" అనేవారు. రిటైరయ్యాక ఆయనకు ఎక్కడలేని నీళ్ళూ దొరికాయి. వాటిని ప్రతి ఆదివారం తీసుకెళ్ళి మా ఆయన పేరున్న చెట్టుకు పోస్తారు.

మనిషి చెడ్డవారని కాదు. ఎవరింట్లో ఏం జరిగినా పెత్తనం తనదే అనుకుంటారు, అంతే. పెళ్ళిలో భోజనాల వరుస, ఆసుపత్రిలో పలకరించేవాళ్ళ వరుస, చావింట్లో ఏడ్చేవాళ్ళ వరుస, అన్నీ ఆయనే సరిచేస్తారు. మా ఆయన పోయిన రోజు కూడా, "అమ్మాయ్, నువ్విక్కడ కూర్చో, వచ్చినవాళ్ళకు కనబడాలి" అని నన్ను గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టారు. కూర్చున్నాను. పాతికేళ్ళుగా ఆయన చెప్పిన చోట కూర్చోవడం నాకు అలవాటే.

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. మాట తక్కువ. పూలు దగ్గరికొస్తే తుమ్ములు. అలాంటి మనిషి జ్ఞాపకార్థం ఏం చేయాలా అని అందరూ తలో మాటా అంటుంటే, బావగారు నగరంలోని పెద్ద తోటకు వెళ్ళి ఒక మొక్కను దత్తత తీసుకున్నారు. ఎండదేశాల మొక్కలన్నీ తెచ్చి పెంచే తోట అది. మేడంత ఎత్తు వెదుళ్ళు, చాపంత ఆకుల తామరలు, అద్దాల ఇంట్లో వేలాడే ఆర్కిడ్లు. ఇన్నింటిలో ఆయన ఎంచింది గుమ్మడికాయలాంటి ముళ్ళచెట్టును.

"గేటు దాటగానే అదే. బోర్డు అందరికీ కనబడుతుంది" అన్నారు.

నిజమే, కనబడుతుంది. పైన బావగారి పేరు, ఆయన చేసి దిగిన ఉద్యోగం, కింద సన్నక్షరాల్లో 'తమ్ముడి జ్ఞాపకార్థం' అని, పక్కనే ఇంకా సన్నగా ఆ తమ్ముడి పేరు. మా ఆయన పేరు చదవాలంటే వంగాలి. వంగితే ముళ్ళు గుచ్చుకుంటాయి.

ఒక్కటి ఒప్పుకోవాలి. చెట్టు మాత్రం మా ఆయనకు సరిగ్గా కుదిరింది. తన మానాన తను, ఎవరు పెట్టినా పెట్టకపోయినా అడగకుండా కూర్చుంటుంది. ఆయన పోయిన ఎనిమిది నెలల్లో నాకు కాస్త ఊపిరాడింది దాని పక్కనే.

ప్రతి ఆదివారం పదింటికి నలుగురం బయలుదేరతాం. బావగారికి, మా తోడికోడలికి, ఆడపడుచుకు తలా ఒక సీసా. "చిన్నన్నయ్య దాహానికి ఆగేవాడు కాదు" అంటూ ఆడపడుచు ముక్కు చీదుతుంది. ఆయన ఆసుపత్రిలో ఉన్న నలభై రోజుల్లో ఒక్క గ్లాసు అందించిన మనిషి కాదు. ఒకసారి చెట్టు వాడినట్టుండి, మరుసటి వారానికి పచ్చగా కనబడితే, "చూశారా నీళ్ళ మహిమ" అన్నారు బావగారు.

మూడు వారాల క్రితం వాళ్ళు గేటు దగ్గర ఫోటో దిగుతుంటే నేను ముందు నడిచాను. చెట్టు మొదలు దగ్గర రంగు మారి ఉంది. ముళ్ళ మధ్య వేలుపెట్టి నొక్కితే లోపలికి దిగింది. వంటింట్లో ఇన్నేళ్ళు కాయలు నొక్కి చూసిన వేలది, కుళ్ళు దానికి తెలుసు.

పక్కన కలుపు తీస్తున్న తోటపనామె తలెత్తింది. "ఇది మూడోదమ్మా."

"ఏది మూడోది?"

"చెట్టే. మీవాళ్ళు నీళ్ళు పోసి రెండు చంపారు. కుళ్ళినదాన్ని తీసేసి, అలాంటిదే తెచ్చి పాతాను. బోర్డు మారలేదు, చెట్టు మారింది."

"చెప్పొచ్చు కదా."

"చెప్పకేం? నీళ్ళ సంగతి నాకు నేర్పుతావా అని మా ఆఫీసరుకు నా మీద కాగితం రాశారు పెద్దాయన. ఇక ఈ రకం మా దగ్గర లేదమ్మా. ఇదీ పోతే బోర్డు పీకేస్తారు."

"దీన్ని బతికించొచ్చా?"

"రెండు నెలలు చుక్క పడకపోతే బతుకుద్ది."

ఇన్ని వారాలూ నేను ఎవరి పక్కన కూర్చున్నానో అప్పుడు తెలిసింది. అయినా ఇదొక్కటైనా మిగలాలనిపించింది. ఒకర్ని పంపింది చాలు.

ఇంతలో ముగ్గురూ వచ్చారు.

"బావగారూ, దీనికి నీళ్ళు పడవట. మొదలు మెత్తబడింది" అన్నాను.

"మెత్తబడిందంటే తాగుతోందన్నమాట. నీళ్ళ గురించి నాకు చెబుతావా అమ్మాయ్?"

"పోనీలెండి, పాపం. బెంగమీద ఏదో అంటోంది" అంది తోడికోడలు.

బావగారు మూత తీశారు. ఆయన వంగేలోగా సీసా నా చేతిలోకి తీసుకున్నాను.

"దాహంగా ఉంది బావగారూ."

ఆఖరి చుక్కదాకా తాగి, ఖాళీ సీసా ఆయనకే ఇచ్చాను.

"అక్కా, మీది కూడా ఇటివ్వండి."

"ఇదేం దాహమే తల్లీ?"

"ఎండ కదక్కా."

అదీ తాగాను. ఆడపడుచు తన సీసాను గుండెకు హత్తుకుంది. "వదినా, ఇది చిన్నన్నయ్యకి తెచ్చింది."

"ఆయనకు తెచ్చింది నేను తాగితే తప్పులేదులే, ఇలా ఇవ్వు."

మూడోది సగంలో కడుపు పట్టేసింది. ఆగి, ఊపిరి తీసుకుని, మిగతాదీ తాగాను. బావగారు నోరు తెరిచి చూస్తున్నారు. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎదురుగా ఎవరూ ఇన్ని నీళ్ళు తాగి ఉండరు.

"వచ్చే వారం ఇంట్లోనే తాగి బయలుదేరు" అన్నారు చివరికి.

అలాగేనన్నాను. ఆదివారాలు పొద్దున లేచింది మొదలు మంచినీళ్ళు ముట్టడం లేదు. ఇంకా ఐదు ఆదివారాలున్నాయి.