పుంగనూరు పియానోకు రాసిన రెండు రిపోర్టులు

నేను రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, ఆగస్టు నెలలో, పుంగనూరులోని ఒక చిన్న సంఘం నుంచి మా షాపుకు ఉత్తరం వచ్చింది. చర్చిలోని పాత నిలువు పియానోను బాగు చేయించాలా, తీసేసి కీబోర్డు కొనాలా, చూసి రిపోర్టు ఇవ్వమన్నారు. మా షాపు బెంగళూరులో ఉండేది. నేను అందులో సీనియర్ ట్యూనర్‌ని. మదనపల్లెలో కాపురముంటూ కుప్పం దాకా ఉన్న చర్చిల, బడుల పియానోలు చూసుకునేవాడిని. ట్యూనర్ తీగల శ్రుతి సరిచేస్తాడు. సీనియర్ అయితే, పియానో పనికొస్తుందో లేదో రాసిచ్చే అధికారం కూడా ఉంటుంది.

ఆ పరీక్షలో మొదట చూసేది పిన్నుల చెక్క. ప్రతి తీగా ఒక ఇనుప పిన్నుకు చుట్టి ఉంటుంది. ఆ పిన్నులన్నీ ఒకే దళసరి చెక్కలోకి దిగి ఉంటాయి. మా ప్రాంతపు ఎండకు అది ఆరి పగిలితే పిన్నుకు పట్టు ఉండదు, శ్రుతి నిలవదు. తర్వాత వెనకవైపు నాదాన్ని పెంచే పలక చూస్తాం. ఆ తర్వాత చెదలు. అదే నెలలో కుప్పంలో ఒక బడి పియానోను చెదల వల్లనే పనికిరాదని రాశాను. పుంగనూరుదానికి మూడూ బాగున్నాయి. 'బాగు చేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాను.

అందులో కొంత నా గర్వం కూడా ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ పియానోను ఒకసారి నిలబెట్టింది నేనే. అప్పుడు ఎలుకలు మీటల లోపలి ఫెల్టు గుడ్డంతా కొరికేశాయి. అసలు ఫెల్టు విదేశాల నుంచి రావాలి. క్రిస్మస్ దగ్గర పడింది. పెద్దపంజాణి వైపు గొర్రెలు కాసే వాళ్ళ దగ్గర కంబళి కొని, ముక్కలు కోసి, ప్రతి మీటకూ అతికించాను. పండుగ ఆరాధనకు పియానో మోగింది. సంఘం కృతజ్ఞతా ప్రార్థన పెట్టింది. పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, బైబిల్లో ప్రత్యక్ష గుడారమనే ఆరాధనా స్థలం పనికి దేవుడు నేర్పు ఇచ్చిన బెసలేలుతో పోల్చారు. ఆ మాట చాలా ఊళ్ళలో చెప్పుకున్నాను.

రిపోర్టు వినడానికి కమిటీ కూర్చుంది. కీబోర్డు కావాలన్నవాడు కోశాధికారి యేసుపాదం. "పాత తిత్తిలో కొత్త ద్రాక్షారసం పోస్తే ఏమైతాదో మనకు తెలీదాప్పా? పాట రోజురోజుకూ సచ్చిపోతాండాది," అన్నాడు.

సంఘ పెద్ద దావీదప్ప ఊరుకోలేదు. "పితరులు నాటిన పొలిమేర రాయిని పీకొద్దని కూడా ఆ వాక్యంలోనే ఉండాది. నీకు కావాల్సిన వచనమే కనపడతాది నీకు."

"రాయి అయితే ముట్టుకోనప్పా. ఇది పెట్టె."

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. పాట నీరసించడానికి కారణం కరుణమ్మ చెయ్యి. ఆమె రిటైరైన నర్సు, ముప్పై ఏళ్ళుగా ఆ సంఘానికి వాయిస్తోంది. పియానో ఉన్నా పోయినా ఆ స్టూలు మీద ఇంకొకరిని కూర్చోబెట్టాలని అప్పటికే అనుకున్నారు. ఆమె ఆ గదిలోనే ఉంది. "నా చేతుల్లో సత్తవ లేదు. ఇంక చాలు," అని ఒప్పేసుకుంది.

మంద్రస్వరాల తీగలు ఎలా పలుకుతున్నాయో వినాలని, ఆమెనే ఒక కీర్తన వాయించమన్నాను. ఎడమచేత్తో ఒకేసారి మూడు నాలుగు స్వరాలు పలకాల్సిన చోట ఒక్కటే వినిపించింది. ప్రతి మీటనూ ఆమె భుజం బలమంతా పెట్టి నొక్కుతోంది. సత్తువ లేని చెయ్యి అంత బలం పెట్టదు. మిగతా స్వరాలు ఎందుకు వదిలేస్తున్నారని అడిగాను.

"నాలుగు వేళ్ళూ ఒక్కసారి దిగవప్పా. బరువు."

"ఎప్పటి నుంచమ్మా?"

"నువ్వు కంబళి ఏసినప్పటి నుంచి. వానాకాలం ఇంకా పట్టుకుంటాది."

"ఇన్నిసార్లు వస్తిని, ఒక్కసారన్నా చెప్పలేదే?"

"సంఘమంతా స్తోత్రం చెప్పిరి. నిన్ను బెసలేలు అనిరి. దేవునికి వందనాలు చెప్పినంక, అది బరువుగా ఉండాదని యాల చెప్పేది? నా వేళ్ళే మొద్దు అనుకుంటి."

యేసుపాదం, "అయితే ఇన్నేండ్లూ గొర్రెను తోస్తా వాయించినావమ్మా," అన్నాడు. ముందు నవ్వింది కరుణమ్మే.

మీట బరువు చూడటానికి మా దగ్గర చిన్న తూకపు రాళ్ళుంటాయి. మీట కొసన అటూ ఇటుగా యాభై గ్రాములు పెడితే దిగిపోవాలి. అక్కడ కొన్ని మీటలు వంద గ్రాములకు కూడా దిగలేదు. ముతక ఉన్ని ఏటేటా తేమ పీల్చి, ఉబ్బి, మీటల కింద వాటిని నిలిపే చిన్న పిన్నుల చుట్టూ బిగుసుకుపోయింది. ఈ పరీక్ష నాకు తెలియంది కాదు, చేయలేదంతే. శ్రుతి చేసేవాడు మీటను గట్టిగా కొడతాడు కాబట్టి వాడి వేలికి బరువు తెలియదు.

మొదటి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. అక్కడే రెండోది రాశాను: పియానోలో లోపం లేదు, వాయించేవారిలో లోపం లేదు, లోపం నేను చేసిన మరమ్మతుది. పని పూర్తయ్యేదాకా కరుణమ్మ విషయంలో తీర్మానం చేయవద్దని అడిగాను. కమిటీ ఒప్పుకుంది.

కంబళి ముక్కలన్నీ ఊడదీసి అసలు ఫెల్టు వేయడానికి ఆరు శనివారాలు పట్టింది. పాస్టరుగారు మళ్ళీ కృతజ్ఞతా ప్రార్థన పెడదామన్నారు. కరుణమ్మ వాయించి చెప్పాకే పెట్టమన్నాను. ఆమె కూర్చుని, ఎడమ చెయ్యి నిండుగా వేసి ఒక కీర్తన వాయించింది. ముగించి, "నడిమి మీటలు రెండు ఇంకా పట్టుకుంటాండాయి," అంది. వాటిని సరిచేశాకే ప్రార్థన జరిగింది. స్టూలు మీదికి వేరొకరిని తెచ్చే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బాగు చేసినవాడు తన పనికి తానే సాక్షి కాకూడదు. రోజూ వాడేవారే సాక్షి. దేవునికి స్తోత్రం చెప్పిన పనిని మళ్ళీ పరీక్షించడం అవిశ్వాసం కాదని కూడా నేను అక్కడే నేర్చుకున్నాను. మిగిలిన మూడేళ్ళూ, వాయించేవారిని ముందు కూర్చోబెట్టి అడగకుండా ఏ పియానో మూతా తెరవలేదు.