పాలవ్వ చెప్పిన ‘మొన్న’

మా ముందటింటి పాలవ్వ మొన్న శనివారం పొద్దున పోయింది. రెండు బర్రెల పాలు పిండి, బకెట్ మీద మూత పెట్టి, గోడకు ఆనుకొని కూసున్నదట. పాలకు పోయినోల్లు ఎంత పిలిచినా పలుకలేదు. పట్నంల ఛత్రినాక కాడ మా గల్లీ మొత్తం ఆమె పాలే తాగుతది. ఆ పూట ఎవ్వలింట్ల చాయ్ పెట్టలేదు.

ఆమెతోని నాకు దోస్తీ ఒక తప్పుతో మొదలైంది.

పెండ్లై వచ్చిన కొత్తల నేను గడప దాటకపోయేదాన్ని. ఒకనాడు పాలు పోస్తూ అవ్వ నన్ను ఏ ఊరు, అన్నదమ్ములెందరు అని అడిగింది. నేనూ ఏదో ఒకటి అడగాలె గదా అని, “మీ ఇంటాయన ఏం జేస్తడు?” అన్న.

“ఆయన మొన్ననే పాయె బిడ్డా,” అని కొలత గిన్నె దులిపి ఎల్లిపోయింది.

మా ఊర్ల మనిషి పోయిన ఇంట్ల పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలోల్లే వండి పంపుతరు. ఇక్కడ ఈమె ఒక్కతే ఉంటది, ఎవ్వలూ పంపినట్టు లేదు. పైగా పాలు పోస్తున్నది! పట్నంల గిట్లనే ఉంటదేమో అనుకున్న. అత్తమ్మ బజారుకు పోయిన ఏల చూసి, అన్నం, పప్పుచారు డబ్బల పెట్టి కొంగు కింద దాచుకొని పోయిన. అవ్వ మూత తీసి చూసింది. నా మొఖం చూసింది. ఏమీ అడగకుండ కూసొని మెతుకు మిగల్చకుండ తిన్నది.

మూడో నాడు అత్తమ్మకు దొరికిపోయిన.

“నోట్లె నాలుక లేని పిల్ల అనుకుంటే డబ్బలే దాటిస్తున్నదా! ఏందక్కా ఈ కథ?” అని అవ్వను గల్లీలనే నిలదీసింది. పాల గిన్నెలు పట్టుకొని ఆడోల్లందరూ చూస్తున్నరు.

“నేనే అడిగిన చెల్లె. నా వంట నాకే సయిస్తలేదు. నీ కోడలి పప్పుచారు మస్తుగుంటది.”

“అంటే నా చారు ఇన్నేండ్లు సయించలేదా?” అని అత్తమ్మ అలిగింది, అందరూ నవ్విన్రు. నేను బతికిపోయిన.

చాన దినాలకు ఈ సంగతి మా ఆయనకు చెప్తే కడుపు పట్టుకొని నవ్విండు. అవ్వ భర్త పోయి పద్దెనిమిదేండ్లాయెనట! ఈ గల్లీల ‘మొన్న’ అంటే పోయిన వారం గావచ్చు, మా ఆయన పుట్టకముందు గూడ గావచ్చు. సిగ్గుతో సచ్చిన. అవ్వ ఒక్క మాట బయటపెట్టి ఉంటే గల్లీకంత నవ్వులాటనై, మల్ల గడప దాటకపోయేదాన్ని.

తెల్లారి పోయి అడిగిన: “నాకెందుకు చెప్పలేదవ్వా?”

ఆమె కుడితి కలుపుతున్నది. “బర్రె తన దూడనే నాకుతది బిడ్డా. వేరే దూడ దగ్గరికొస్తే తంతది. మనిషికి ఒక్కటే ఎక్కువ, తెల్వనోల్ల కోసం గూడ పేగు కదులుతది. నీకు కదిలింది. అక్కడ్నే నీ సిగ్గు తీస్తే, మల్ల ఎవ్వలింటికన్న పోతవా?”

“మరి నువ్వు వండుకున్నదేం జేసినవు?”

“బర్రెలకేసిన. మూడొద్దులు వాటికి పండుగ.”

“ఆయన పోయింది నిజంగనే మొన్న లెక్క అనిపిస్తదా?”

కుడితిల చెయ్యి ఆగింది. “ఒక్కోనాడు నిన్న లెక్క,” అన్నది.

నేను తెలియక అన్నం పట్టుకపోయిన. ఆమె అన్నీ తెలిసి తిన్నది. ఈ రెండిట్ల ఏది పెద్దదో నాకు ఇప్పటికీ తెగలేదు. ఏండ్ల కింద పోయిన మనిషిని నిన్నటి లెక్క పెట్టుకునుడు ఎట్లనో గూడ అడిగేది ఉండె.

శనివారం అవ్వకు ఆఖరి తానం పోస్తుంటే దగ్గరికి పోయిన. నయాపూల్ దిక్కు నుంచి వచ్చిన అవ్వ చుట్టాలామె నన్ను ఆపింది. “నువ్వేమైతవమ్మా? అయినోల్లే పొయ్యాలె నీళ్లు.”

వాకిట్లున్నోల్లందరూ నా దిక్కే చూసిన్రు. చెంబు అందుకున్న.

అవ్వ కుడిచేతి మీద పోసిన. బొటనవేలి కణుపు మీద గట్టి కాయ ఉన్నది, ఎన్నేండ్ల సంది పాలు పిండితే కాసిందో. రోజూ ఆ చేతితోనే పాలు పోయించుకున్న, ఒక్కనాడు చూడలేదు. నీళ్లన్నీ జారిపోయినయ్. ఆ కాయ మీద ఒక్క చుక్క మాత్రం చానసేపు ఆగింది.