మేపుల్ పాకం తాగిన తుపాకి

యుద్ధానికి వెళ్ళినవాడు వట్టి చేతులతో తిరిగి రాడు. ఒకడు పట్టుగుడ్డ తెస్తాడు, ఒకడు మలేరియా తెస్తాడు, ఒకడు నిద్రలో ఉలిక్కిపడటం తెస్తాడు. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ కొండల కుర్రాళ్ళు పసిఫిక్ సముద్రం అవతలి నుంచి జపాను తుపాకులు తెచ్చారు. సైన్యం ఇచ్చిన పొడుగు సంచిలో మొత్తం తుపాకి పట్టదు. అందుకని ఓడ మీదే గొట్టం విప్పి, దాని కింది కర్రను ముందువైపు అడ్డంగా కోసేసి, ఇంటికి చేరాక మళ్ళీ అతికించేవారు. అతుకు ఇనుప పట్టీ కింద దాగిపోయేది. తుపాకులు కొనేవాళ్ళు ఆ కోతను చూసి ముఖం చిట్లించేవారు. ఎమ్మెట్ సార్వర్ మాత్రం పట్టీ జరిపి కోతను బొటనవేలితో తడిమి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాడు.

ఎమ్మెట్ పాలబండి నడిపేవాడు. దుకాణంలో ఒక్క తుపాకీ కొనలేదు. తెచ్చిన సైనికుడి వంటింట్లో కూర్చుని, వాళ్ళావిడ పెట్టిన పిండివంట తిని, కథ మొత్తం విని, ఆ చేతి నుంచే అందుకోవాలి. అది అతని నియమం. అలా చాలా తుపాకులు ఇల్లు చేరాయి గాని, అన్నిటికన్నా ఎక్కువ మనసుపడ్డది మాత్రం చేరలేదు. అది హార్లన్ లెప్లీది. దాని కర్రకు ముందు ముక్క లేదు.

"ఓడ ఊగుతోందోయ్," అనేవాడు హార్లన్. "ఇటునుంచి సగం కోశాను. రంపం పట్టేసింది. అటునుంచి మొదలెట్టాను. రెండు కోతలూ కలిస్తేగా, మా నాన్నా నేనూ కలవనట్టే. చివరికి మోకాలికి ఆనించి విరిచేశాను."

తండ్రి మేపుల్ తోట చూసుకోమన్నాడు, కొడుకు బొగ్గు గనికి పోయాడు. ఆ తగాదా తర్వాత హార్లన్, ఆ చెట్ల తీపి నీటిని తండ్రి పాకంగా కాచే కొట్టం గడప మళ్ళీ తొక్కలేదు. తండ్రి ఇంట్లో మిగిలిపోయిన సంచిలోని ముక్క ఆ రోజుల్లోనే ఎటో పోయింది.

"ముక్క దొరికిన రోజు తుపాకి నీదే. కుంటి గుర్రాన్ని కానుకిచ్చే వంశం కాదు మాది," అని చెప్పి చెప్పి, ఒక ఆకురాలు కాలంలో హార్లన్ కన్నుమూశాడు.

భార్య వెర్నాను లోయలో అందరూ అత్తా అనే పిలుస్తారు. ఈస్టరుకల్లా ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళాలని ఆమె నిర్ణయించుకుంది. జాన్స్‌టౌన్ నుంచి మెర్ల్ గాస్టైగర్ అనే వ్యాపారి వచ్చి, సామాను తీసేసేటప్పుడు తుపాకి తనకివ్వమని చెప్పి పోయాడు.

ఎమ్మెట్ పరుగెత్తుకొచ్చాడు. "అత్తా, వాడు దాన్ని కోడిని కోసినట్టు కోస్తాడు. గొట్టం ఒకడికి, బోల్టు ఒకడికి అమ్ముతాడు."

"తెలుసులే. మా చెల్లెలింట్లో పిల్లులకే చోటు లేదు, తుపాకి ఎక్కడ పెట్టను?"

"నాకిచ్చెయ్ మరి."

"ముక్క పట్టుకురా. బతికుండగా ఆయన మాట ఒక్కటీ వినలేదు. పోయాకైనా ఒకటి విననీ."

ఎమ్మెట్ అటకలు వెతికాడు, మెట్ల కింద వెతికాడు, గనిలో హార్లన్ బట్టలు పెట్టుకున్న అర కూడా తెరిపించాడు. తండ్రి తరవాత మేపుల్ తోట చూసుకుంటున్న హార్లన్ తమ్ముడు ఎల్లిస్‌ను అడిగితే, మా ఇంట్లో తుపాకి ముక్కలు లేవు పొమ్మన్నాడు. అతను అబద్ధమాడలేదు. తుపాకుల పిచ్చివాళ్ళకు ఒక గుడ్డితనం ఉంటుంది: తుపాకి ముక్క అంటే తుపాకులుండే చోటే ఉంటుందనుకుంటారు.

మార్చి వచ్చింది. రాత్రి మంచు, పగలు ఎండ. మేపుల్ చెట్ల నుంచి నీరు కారే రోజులు. వెర్నా తన వంతు పాకం డబ్బాలు తెమ్మని ఎమ్మెట్‌ను ఎల్లిస్ కొట్టానికి పంపింది. ఎవరి కుటుంబం కొట్టం వాళ్ళది, పరాయివాళ్ళు వెళ్ళరు కాబట్టి, అతను లోపల కాలు పెట్టడం అదే మొదలు. ఎల్లిస్ కాగుతున్న పాకం గరిటెతో తీసి మంచు మీద పోసి, తీగలా సాగిన ముద్దను చేతిలో పెట్టాడు. ఎమ్మెట్ నములుతూ ఆవిరిలోకి చూశాడు. బయటి తొట్టి నుంచి చెట్ల నీరు గోడ కంతలోంచి వచ్చి, ఒక నల్లటి చెక్క దోనె మీదుగా పెనంలోకి పడుతోంది. దోనె గాడి నున్నగా, గుండ్రంగా, తుపాకి గొట్టానికి సరిపోయేలా ఉంది.

నమలడం ఆగింది. "ఎల్లిస్, ఆ దోనె ఎక్కడిది?"

"నాన్న పెట్టాడు. నాకు మీసాలు రాకముందు నుంచీ ఉంది."

"అది తియ్యి."

"పిచ్చా నీకు? కింద మంట చూడు. ధార ఆగిందంటే పెనం మాడుతుంది. పెనం మాడితే దాని కింద నిన్ను పెడతా."

"బాల్చీతో నేను పోస్తా."

"పాలబండి దిగడానికే కర్ర కావాలి, నువ్వు నీళ్ళు మోస్తావా?"

"పోస్తానన్నానుగా."

పోశాడు. పొయ్యి చల్లారేదాకా బాల్చీ తరవాత బాల్చీ, ఒక్క చుక్క తక్కువ కాకుండా. నడుం ఎప్పుడో మాట వినడం మానేసింది, అతను కూడా దాని మాట వినడం మానేశాడు. ఆలోగా ఎల్లిస్ సుత్తితో తట్టి దోనె ఊడదీసి ఇచ్చాడు. తర్వాత, ఈ వింత ఎక్కడిదాకా పోతుందో చూద్దామని తనూ బండెక్కాడు.

వెర్నా వంటింటి బల్ల మీద రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టారు. కలవలేదు. వేలెడు సందు మిగిలిపోయింది.

"వదిలెయ్," అన్నాడు ఎల్లిస్ మెల్లగా. "ఏ కట్టె అయినా కట్టెలాగే ఉంటుంది. ఇది అది కాదు."

ఎమ్మెట్ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో కోత చివర తడిమాడు. గరుకుగా లేదు, గాజులా ఉంది. ఏళ్ళ తరబడి కారిన తీపి అక్కడ రాయిలా గట్టిపడింది.

"అత్తా, కెటిల్ పెట్టు."

ఆవిరి పట్టారు. చక్కెర కరిగి చుక్కలుగా రాలింది. లోపలి నుంచి, రెండు కోతలూ కలవని చోట ఒక మెట్టు, ఆ మెట్టు మీద విరిగిన చోట నాలుకలా సాగిన పేడు బయటపడ్డాయి. ఎమ్మెట్ మళ్ళీ ముక్కలు దగ్గరకు తెచ్చాడు. పేడు తన గూట్లోకి జారింది. కర్రలోని చారలు ఇటునుంచి అటు తెగకుండా పారాయి. వెర్నా వేలు పెట్టి వెతికినా సందు దొరకలేదు.

"తెలిసే పెట్టాడు మా ముసలి మామ," అంది ఆమె. "కొడుకు రాకపోతేనేం, కొడుకు కట్టెనైనా పనిలో పెట్టాడు." అప్రాన్‌తో కళ్ళు తుడుచుకుని, తుపాకిని రెండు చేతులా ఎత్తి ఎమ్మెట్‌కు అందించింది. "తీసుకో. గుర్రం కుంటిది కాదిప్పుడు."

వేసవిలో అగ్నిమాపక దళం హాలులో తుపాకుల ప్రదర్శన జరిగింది. ఎమ్మెట్ బల్ల చుట్టూ చీమ దూరే చోటు లేదు. హార్లన్‌తో గనిలో పనిచేసినవాళ్ళు, ఓడలో వచ్చినవాళ్ళు, ఒక్కొక్కరే పట్టీ జరిపించుకుని అతుకు తడిమి వెళ్తున్నారు. మెర్ల్ గాస్టైగర్ కూడా జనాన్ని తోసుకుని వచ్చి, తడిమి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమిటిది జిగురుగా? సరిగ్గా తుడిపించుకో, ధర రెట్టింపవుతుంది."

"వేలు నాకి చూడు," అన్నాడు ఎమ్మెట్.

మెర్ల్ అటూ ఇటూ చూశాడు. తర్వాత, అంతమంది ముందూ, వేలు నోట్లో పెట్టుకున్నాడు.