మైకు ముందు నోరు మూసుకోవడం

ముప్పయ్యొక్కేళ్ళు బస్టాండు మైకు ముందు కూర్చున్న మనిషి ఆయన. చదివింది పల్లె బడిలో ఎనిమిదో తరగతి. అయినా ఒక్కనాడు బస్సు నంబరు తప్పు చదవలేదు, జ్వరంలోనూ గొంతు జారనివ్వలేదు. గోడమీద రెండు ప్రశంసాపత్రాలున్నాయి. అంతటి అనౌన్సరుకి పాడ్‌కాస్ట్ ఒక లెక్కా?

"ఫ్యాను ఆపేశా, తలుపుకి దుప్పటి కట్టేశా," అంది కోడలు. "ఒక్కటి గుర్తుంచుకోండి మామయ్యా, ఎదుటి మనిషి ఆగితే మీరూ ఆగండి."

"నాకే మైకు నేర్పుతున్నావా అమ్మాయ్?"

ఎదురుగా కూర్చున్నది రిటైరైన డ్రైవరు. కొండదారిలో బ్రేకులు పోయిన బస్సును రాతికట్టుకి ఆనించి నలభై ఇద్దరిని బతికించాడని పేరు. పదహారేళ్ళుగా ఆ సంగతి ఎవరడిగినా పెదవి విప్పలేదు. ఈ ఒక్కసారికి, పాత స్నేహం కొద్దీ ఒప్పుకున్నాడు. రెండు గంటల బస్సుకి కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. ఆయన చెప్పకపోతే మొదటి ఎపిసోడే లేదు.

"మలుపు దగ్గరికొచ్చా. స్టీరింగు..." డ్రైవరు ఆగాడు.

బస్టాండులో మైకు ఆన్‌లో ఉండి ఐదు సెకన్లు మాట వినబడకపోతే, చెడిపోయిందని మేనేజరు పరిగెత్తుకొచ్చేవాడు. ఆ భయం అనౌన్సరు ఎముకల్లో ఉంది. గొంతు దానంతటదే లేచింది.

"అప్పుడు బ్రేకులు ఫెయిలయ్యాయి! నలభై ఇద్దరి ప్రాణాలు..."

డ్రైవరు హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. "అంతా నువ్వే చెబుతున్నావుగా, ఇంక నేనెందుకోయ్?" అంటూ లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

కోడలు రికార్డింగు ఆపేసింది. అదే గట్టిగా తగిలింది.

"అన్నా, తప్పు నాది." సర్వీసు మొత్తంలో అనౌన్సరు నోట రాని మాట అది. "కూర్చో. ఈసారి నోరు తెరిస్తే ఆ వైరు పీకెయ్."

డ్రైవరు కాసేపు గుమ్మంలో నిలబడి, వచ్చి కూర్చున్నాడు. మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. ఐదు సెకన్లు. తొమ్మిది. అనౌన్సరు మెడమీద చెమట కారుతోంది. కొత్తగా పాడ్‌కాస్ట్ పెట్టేవాళ్ళకి మంచి మైకు కొనమని అందరూ చెబుతారు; ఊరుకోవడం ఎంత బరువో ఎవరూ చెప్పరు. పదిహేను. పళ్ళు బిగబట్టాడు. ఇరవై మూడు.

"బ్రేకులు బానే ఉన్నాయి," అన్నాడు డ్రైవరు. "నేనే కునుకు తీశా. టైరు రాయికి తగిలి మెలకువొచ్చింది. అప్పుడు తిప్పా. అంతే."

ఆనాడు ఆ వీరుడి పేరు మైకులో మూడుసార్లు చదివింది ఈ అనౌన్సరే. నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేశాడు.

"ఇది తీసేస్తారా?" డ్రైవరు కోడలినడిగాడు. ఆమె మామగారి వైపు చూసింది.

"నీ ఇష్టం, అన్నా," అన్నాడు అనౌన్సరు.

డ్రైవరు సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఉంచు. నేను బస్సెక్కాక అందరికీ వినిపించండి."