బాలస్వామి పెట్టెలో అయిదు

ఒక పాటను మొదలుపెట్టిన శ్రుతిలోనే ముగించడం మా బాలస్వామికి చేతకాదు. మొదటి చరణం ఒక మెట్టు మీద, రెండోది ఇంకో మెట్టు మీద. ముప్పై ఏండ్లుగా నంద్యాలలో మా చర్చి హార్మోనీ పెట్టె వాయిస్తాండాడు, ముప్పై ఏండ్లుగా తిట్లు తింటాండాడు. మధ్యలో ఎందుకప్పా దించినావంటే ఒకటే జవాబు: "గాలి మారింది ఏసక్కా." ఫ్యాన్ తిరిగినా మారేది, కరెంటు పోయినా మారేది.

ఆ మనిషి తగాదా గెలవడం నేను చూసింది ఒక్కసారే. పాడేదానికి ఆళ్ళగడ్డ సభలకు పోయినాం. నేను ఎప్పట్లాగే "బాలస్వామీ, అయిదు పెట్టు" అన్నా. నేను చదివింది రెండో తరగతి. రాగాలు తెలీవు, అంకెలు తెలుసు. నా గొంతు అయిదు శ్రుతి. ఇరవై ఏండ్లప్పుడూ అయిదే, డెబ్బై దాటినా అయిదే. నా ఈడు ఆడమనిషి ఇంకొకతె ఉంటే చూపించండి.

పెట్టె మోగంగానే ఆ సభల్లో కీబోర్డు వాయించే కిరణ్ నవ్వినాడు. అది అయిదు కాదు, మూడన్నాడు. బాలస్వామి, అయిదని రాసిన కాగితం అంటించిన మెట్టు చూపించినాడు. కాగితం కాదు, మోత వినమన్నాడు కిరణ్.

"నీ పెట్టె ఎప్పుడు కొన్నావు నాయనా?"

"పోయినేడు."

"నాది పుట్టి యాభై ఏండ్లు. ఎవరు ఎవర్ని చూసి సర్దుకోవాల?"

జనమంతా నవ్వినారు. పాపం, కిరణ్ బటన్ నొక్కి రెండు మెట్లు దిగొచ్చినాడు. ఈ కొత్త మిషన్లకు అయిదంటే ఏం తెలుసని నేనూ ఒక మాట వేసినా.

మొన్న వానలకు చర్చి కారి, పెట్టె తడిసి, కొన్ని కాగితాలు ఊడినాయి. బాలస్వామి మైదా ఉడకబెట్టి తెచ్చేలోపల తుడుద్దామని కూర్చున్నా. అయిదు ఊడి చేతికొచ్చింది. దానికింద నాలుగు. గీకితే దానికింద, పాత సిరాతో, మూడు.

గుడ్డ పక్కన పెట్టేసినా. గాలి ఎప్పుడెప్పుడు మారిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నాకు ఆయాసమొచ్చిన పండగ, దగ్గొచ్చిన పెండ్లి. ప్రతిసారీ తిట్లు ఆయప్పకే పడినాయి. ఎక్కువ తిట్టింది నేనే.

మైదా గిన్నెతో వచ్చినాడు.

"ఎన్నాళ్ళనుంచి నన్ను మోసం చేస్తాండావ్?"

"మోసమేముందక్కా, పెట్టె ముసిలిదైంది."

"పెట్టేనా, నేనా?"

ఈసారి గాలి మాట కూడా ఎత్తలా.

నాకు అరిచే ఓపిక కూడా లేకపాయ. మోకాళ్ళ మాదిరే గొంతూ అలిసిపోయిందని ఇన్నాళ్ళు నాకొక్కదానికే తెలీలేదు. ఇంక పాడను, ఎవరన్నా చిన్నపిల్లను ముందర కూర్చోబెట్టుకోమన్నా.

బాలస్వామి తొందరపడకుండా గిన్నె కలియబెట్టినాడు. "నువ్వు మానుకుంటే ఎనక వరసలో ముసిలోళ్ళంతా నోరు మూసుకుంటారు. ఆళ్ళు పాడేది నీ అయిదును నమ్ముకోనే" అన్నాడు.

తర్వాత ఆ తడికాగితం తీసి నా అరచేతిలో పెట్టినాడు.

"ఈసారి యాడ కావాల్నో ఆడ నువ్వే అంటించుకో. ఆదివారం మాత్రం 'అయిదు పెట్టు' అని గట్టిగా అడుగక్కా. ఆ కిరణ్ ఈడికి వస్తాండాడు."