పదో తరగతి లెక్కలు నాకే కావాలి

బోర్డులకు వేసే నల్లరంగు వాసన కాస్త కిరసనాయిలులా ఉంటుంది. ముక్కుకంటే ముందు గొంతుకు తగులుతుంది. ఈ వేసవి సెలవుల్లో జగ్గయ్యపేటలో నేను పనిచేసే హైస్కూలుకు రంగులు వేస్తున్నారని తెలిసి, నా పుస్తకాల బీరువా మీద ఏం చిందుతుందోనని చూసుకోవడానికి వెళ్ళాను. తరగతి గది గడప దాటగానే ఆ వాసన. నిచ్చెన మీదున్న పెయింటరు కిందికి చూసి, "పాపా, గోడకి ఆనుకోమాకు, తడిగా ఉంది. టీచర్లెవరన్నా వచ్చారా?" అన్నాడు. నాకు నలభై దాటింది. నడినెత్తిన తెల్లవెంట్రుకలున్నాయి. అవి కనబడాలంటే పైనుంచి చూడాలి. ఆయన పైనే ఉన్నాడు, అయినా కనబడలేదు.

నేను పొట్టిదాన్ని, సన్నటిదాన్ని, ముఖం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. గ్యాస్ బండ తెచ్చినతను "అమ్మని పిలువు" అంటాడు. బ్యాంకులో కౌంటరు వెనకున్నావిడ నా సంతకం చూసి, నన్ను చూసి, మళ్ళీ సంతకం చూస్తుంది. చీర కట్టుకుంటే పెద్దదానిలా ఉంటావని అందరూ అంటే కట్టుకుని నందిగామ బస్టాండుకు వెళ్ళాను. ఒక పెద్దావిడ బుగ్గ గిల్లి, "స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్సా అమ్మా?" అంది. చిన్నగా కనబడటం అదృష్టం అనేవాళ్ళున్నారు. వాళ్ళు నోరు విప్పితే ఎదుటివాళ్ళు వింటారు కాబట్టి వాళ్ళకు అలాగే అనిపిస్తుంది. ఇవన్నీ నేను మర్చిపోలేదు. మర్చిపొమ్మని సలహా ఇచ్చినవాళ్ళనూ మర్చిపోలేదు.

నా ఈ గుణాన్ని మాన్పించాలని చూడని మనిషి నా జీవితంలో ఒక్కరే, షంషాద్ మేడం. నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో నాకు మొదటి పోస్టింగు. అక్కడ ఆవిడ హెడ్మిస్ట్రెస్. నిండైన మనిషి, నూలు చీర, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. మాట తక్కువ. నవ్వు ఇంకా తక్కువ.

చేరడానికి వెళ్ళిన రోజు గేటు దగ్గర అటెండరు యాకోబు నన్ను ఆపి, "ఎనిమిదో తరగతి అటేపమ్మా. బెల్లు కొట్టేశారు, పరిగెత్తు" అన్నాడు. నేను పరిగెత్తలేదు. నేరుగా మేడం గదిలోకి వెళ్ళి, కాగితాలు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. అంతటితో ఆగకుండా, బస్సులో కండక్టరు అన్నదీ, అంతకుముందు కౌన్సెలింగులో గుమాస్తా అన్నదీ చెప్పాను. మేడం మధ్యలో ఒక్క మాటా అడ్డు రాకుండా విన్నారు.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"ఏం జరిగిందో చెప్పావు. ఏం కావాలో చెప్పలేదు."

ఏం కావాలని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. తడబడి, "ఆయన నాకు సారీ చెప్పాలి" అన్నాను. మేడం గంట కొట్టి యాకోబును పిలిచారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో మర్యాదగా, "సారీ పాపా" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు. మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుని, "నువ్వు అడిగింది వచ్చింది. ఈసారి ఇంకాస్త పనికొచ్చేది అడుగు" అన్నారు.

నాకు పదో తరగతి లెక్కలు ఇచ్చారు. ఆ గదిలో చెక్క బోర్డు, గోడకు మేకులతో బాగా ఎత్తున తగిలించి ఉండేది. మునివేళ్ళ మీద నిలబడినా నాకు సగం బోర్డే అందేది. స్టూలు తెచ్చుకున్నాను. ఎక్కినప్పుడల్లా వెనక నుంచి నవ్వు. ఒకరోజు ఒక కుర్రాడు లేచి, "మేడం, పడిపోతారేమో, స్టూలు పట్టుకోనా?" అన్నాడు. వాడి గొంతులో అంత వినయం ఉంటే దాన్ని వెటకారమని నిరూపించడం కష్టం. ఆ సాయంత్రం మేడం గదికి వెళ్ళేముందు వరండాలో కాసేపు నిలబడి ఆలోచించుకున్నాను.

"బోర్డు కిందికి దించాలి మేడం" అన్నాను, కూర్చోకుండానే.

ఎందుకని అడగలేదు. లేచి నాతో వచ్చారు. నన్ను గోడ పక్కన నిలబెట్టి చెయ్యెత్తమన్నారు. నా వేళ్ళు ఆగినచోట సుద్దముక్కతో గీత గీసి, "బోర్డు పైఅంచు ఇక్కడికి రావాలి" అని యాకోబుకు చెప్పారు. మర్నాటికి దిగింది. అదే గదిలో సైన్సు చెప్పే మూర్తి మాస్టారు ఆరడుగుల మనిషి. ఆయన నడుం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చి, "ఇదేం న్యాయమండీ, వంగి వంగి రాయాల్సొస్తంది" అన్నారు. మేడం టీ తాగుతూ, "ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ మునివేళ్ళ మీద నిలబడి రాసింది మాస్టారూ. మీరు కాస్త వంగండి" అన్నారు. మూర్తి మాస్టారు మంచివారే. వంగారు. సణుగుతూ వంగారు.

బోర్డు దిగింది కానీ నా మీద నమ్మకం కుదరలేదు. దసరా సెలవులయ్యాక కొందరు తల్లిదండ్రులు మేడం దగ్గరికి వచ్చారు. నన్నూ పిలిపించారు. వాళ్ళలో ఒక పత్తి రైతు మాట్లాడాడు. ఆయన పేరు నాకు బాగా గుర్తుంది, రాయను.

"ఆ అమ్మాయికి చెప్పడం రాదని కాదండి. పబ్లిక్ పరీక్షల క్లాసు కదా. మావాడి పక్కన నిలబడితే వాడి చెల్లెల్లాగుంటది. ఇంక భయమేముంటదండి? లెక్కలు కూడా మూర్తి మాస్టారికే ఇచ్చెయ్యండి."

నేనక్కడే ఉన్నాను. నా గురించి మేడంతో మాట్లాడుతున్నాడు. మేడం నా తరఫున నాలుగు మాటలు అంటారని ఎదురుచూశాను. నా డిగ్రీ గురించి, నా ర్యాంకు గురించి. ఆవిడ నా వైపు తిరిగారు. నలుగురిలో నన్నెప్పుడూ నువ్వు అనేవారు కాదు.

"వాళ్ళకేం కావాలో చెప్పారు. మీకేం కావాలో మీరు చెప్పండి, వరలక్ష్మి మేడం."

క్లాసు పోతుందని అప్పుడర్థమైంది. నేను అలిగి బయటికి నడిస్తే పోతుంది, ఏడిస్తే తప్పకుండా పోతుంది. చున్నీ సర్దుకుని వాళ్ళ వైపు తిరిగాను.

"పదో తరగతి లెక్కలు నాకే కావాలి. అనుమానం ఉన్నవాళ్ళు రేపు వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. విన్నాక మాట్లాడండి."

పత్తి రైతు ఒక్కడే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మోకాళ్ళు బెంచీ కింద పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఆరోజు పాఠం ఎత్తులు, దూరాలు. నేను ఎంచుకున్నది కాదు, వరుసలో వచ్చింది. దూరంగా నిలబడిన మనిషి టవరు కొసను చూస్తాడు, ఆ కోణాన్ని బట్టి టవరెత్తు కనుక్కోవాలి. లెక్క పూర్తిచేసి వెనక్కి తిరిగేసరికి ఆయన చెయ్యెత్తి ఉన్నాడు. పిల్లలంతా మెడలు తిప్పి చూస్తున్నారు.

"చివర్లో ఆ చూసే మనిషి ఎత్తు ఎందుకు కలిపారండి?"

"కోణం కొలిచింది ఆయన కళ్ళ దగ్గర్నుంచండి. కళ్ళకి కిందున్నదాన్ని వదిలేస్తే టవరు ఉన్నదానికంటే పొట్టిగా తేలుద్ది."

ఆయన తలూపాడు. గంట కొట్టేదాకా కూర్చుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ క్లాసు మార్చమని రాలేదు. ఆయన్ని నేను క్షమించలేదు. ఆ రోజు నాతో అండి అని మాట్లాడిన సంగతి కూడా మర్చిపోలేదు.

ఆ ఏడాది పిల్లలు బాగా రాశారు. జూన్‌లో బడి తెరిచాక స్టాఫ్ రూములో కొత్త టైంటేబులు అతికించారు. పదో తరగతి లెక్కల గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేశాక కూడానా అనుకుని ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగాను. వారం గడిచినా ఆ గళ్ళు అలాగే ఉన్నాయి. ఇక ఆగలేక మేడం గదిలోకి వెళ్ళాను.

"లెక్కలు ఎవరికిస్తున్నారు మేడం?"

"ఎవరూ అడగలేదు."

"నేనెట్లా చెప్పానో మీకు తెలియదా? మళ్ళీ అడగాలా?"

మేడం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నాకు తెలుసు. వచ్చే ఏడు నేను రిటైరైపోతా. నా కుర్చీలోకి వచ్చేవాళ్ళకి తెలియదు కదమ్మా. నిన్ను చూడగానే చిన్నపిల్ల అనుకుంటారు. ఇంకో బడికి పోతే అక్కడా అంతే. పోయిన ప్రతిచోటా వారం రోజులు అలిగి కూర్చుంటావా?"

నాకు కోపం వచ్చింది. కోపంతోనే, "పదో తరగతి లెక్కలు నాకు కావాలి" అన్నాను. ఆవిడ పెన్ను మూత తీసి నా చేతికిచ్చారు. స్టాఫ్ రూముకు వెళ్ళి ఆ గళ్ళలో నా పేరు నేనే రాసుకున్నాను.

మేడం ఇప్పుడు లేరు. రిటైరయ్యాక నందిగామలో ఉన్నన్నాళ్ళూ వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త ఫిర్యాదు తీసుకెళ్ళేదాన్ని, ఆవిడ చివరిదాకా వినేవారు. నన్ను ఒక్కసారీ ఓదార్చలేదు, పొగడలేదు. పెద్దదానిలా కనబడే చిట్కా ఒక్కటీ చెప్పలేదు. ఆవిడ లేకపోతే నేను ఇప్పటికీ ఎవరెవరు ఏమన్నారో తలుచుకుంటూ ఏదో ఒక ఆరో తరగతికి ఎక్కాలు చెప్పుకుంటూ ఉండేదాన్నని నాకు తెలుసు. ఆ రుణం ఆవిడకు ఎప్పుడూ చెప్పుకోలేదు. చెబితే మధ్యలోనే ఆపేసేవారు.

మొన్న పెయింటరుకు నేనే టీచరునని చెప్పి, బీరువా మీద గుడ్డ కప్పించి, హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. ఆయన ఈ బడికి వచ్చి చాలా ఏళ్ళయింది, నన్ను బాగా ఎరుగుదురు. కొత్త టైంటేబులు ముందేసుకుని కూర్చున్నారు.

"పదో తరగతి లెక్కలు నాకే ఇవ్వండి సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "ఏటా వచ్చి అడుగుతారేంటండీ. మీకు కాక ఇంకెవరికిస్తాను?"

"తెలుసండి" అన్నాను. అని, ఆయన నా పేరు రాసేదాకా అక్కడే నిలబడ్డాను.